దాగలా, దాకలా?

రేకుపని:
బాలానగర్‌లో పనికి చేరిన కొత్తల్లో ఒక పెద్ద మేస్త్రీ, పేలుడుతో రేకును అచ్చులోకి దించే పద్ధతి చెబుతూ అన్న మాట: "నీళ్లే సుత్తె, అచ్చే..." ఆ తర్వాతది దాగలో, దాకలో; లోహాన్ని పెట్టి కొట్టే దిమ్మె పేరు. ఏళ్లుగా చెవిలో తిరుగుతోంది. ఐటీఐ పిల్లలకు చెప్పాలి, ఏది రాయను?

ఆటవెలది:
దాకలి. తాకు, దాకు అన్న ధాతువే. దెబ్బ తాకే చోటు.

పాతనిఘంటువు:
'దాయి' అన్న రూపమూ ఉంది కదండీ. అందులో కకారమూ లేదు, గకారమూ లేదు. 'దాకు' నుంచే పుట్టిందంటే ఆ అక్షరం ఎటు పోయినట్టు?

చెవిపోగు:
బళ్లో చెవి పాఠంలో మూడు చిన్న ఎముకలు: కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి. నాకు గకారమే. చెవిలోనూ కొట్టేది అలే, మేస్త్రీ చెప్పిన నీళ్లలోనూ అలే!

సమ్మెట:
అక్షరం సరే, పోలికే కుదరలేదు. రేకును అచ్చు మీద పెట్టి అంచులు బిగిస్తారు. కింది గాలంతా లాగేస్తారు. మిగిలితే ఆ గాలే నలిగి, వేడెక్కి, రేకును అచ్చుకు ఆననివ్వదు. నీళ్లలో ముంచి, పైన కొలిచిన ఎత్తులో మందు వేలాడదీసి పేలుస్తారు. అల తాకిన కొన్ని మిల్లీసెకన్లలో రేకు గుంటలో కూర్చుంటుంది. పై అచ్చుతో పనే లేదు. 1960ల్లో అమెరికావాళ్లు రాకెట్ ట్యాంకుల గోపురాలు ఇలా దించారు. దాగలి మీద లోహం పరుచుకుంటుంది, ఇక్కడ లోపలికి దిగుతోంది. పైగా అంత దెబ్బకు సుత్తె ఏమిటి, సమ్మెట అనాలి.

రేకుపని:
దాగలి చదునుగానే ఉండాలా అన్నా? మా వీధిలో గిన్నెలు చేసే తాత దగ్గర గుంటలు తవ్విన చింతమొద్దు ఉండేది. రాగిరేకును గుంట మీద ఆనించి, తిప్పుతూ తడుతుంటే అడుగు నెమ్మదిగా దిగేది. మేస్త్రీ మనసులో ఉన్నది అదేనేమో.

ఆటవెలది:
కొట్టుడంటే వేమనే. "ఇనుము విరిగెనేని యినుమారు ముమ్మారు కాచి యతుకవచ్చు". ఆ 'యినుమారు'లో ఇనుము ఎలా మోగిందో చూడండి!

పాతనిఘంటువు:
మోత వినడానికే. అర్థం రెండుసార్లు. ఇనుమడిలో ఉన్న 'ఇను' అది, ఇరు నుంచి వచ్చింది.

ఆటవెలది:
అర్థం రెండే, కాదనను. ముమ్మారు పక్కన 'ఇరుమారు' అన్నా గణం చెడదు. అయినా ఆయన చెవి 'ఇను'నే కోరుకుంది.

సమ్మెట:
అక్కడ 'కాచి' ఉంది. ఇక్కడ కొలిమే లేదు, రేకు చల్లగానే దిగుతుంది.

పాతనిఘంటువు:
రేకుపని గారూ, మేస్త్రీది ఏ ఊరు? ఊరు తెలిస్తే అక్షరం దొరకొచ్చు.

రేకుపని:
సిద్దిపేట వైపు. వాళ్లబ్బాయి నంబరు వెతుకుతున్నా.

ఆటవెలది:
ఈలోగా 'ముమ్మారు' సంగతి. మూడు మారులు ముమ్మారైనప్పుడు ఆ ద్విత్వం...