మురుగు నాలా పక్క ఇల్లు, పాత ఏసీ: గ్యాస్ కొట్టించాలా, కొత్తది పెట్టాలా?

అద్దె_రామంతాపూర్
అందరికీ నమస్తే. మేముండే పోర్షన్‌లో ఓనర్ పెట్టించిన ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీ ఉంది. 2014లో కొన్నది, ఆర్-22 గ్యాస్. పోయినేడు ఎండలు ముదరకముందే గ్యాస్ కొట్టించాను, మూడు వేల చిల్లర అయింది. ఈ జూన్‌కల్లా మళ్లీ చల్లదనం లేదు. ముసురు పట్టిన రోజుల్లో మరీ కష్టం, దుప్పటి కూడా చెమ్మగా తగులుతోంది. ఇండోర్ కాయిల్ మీద ఒకవైపు మంచు పేరుకుంటోంది. వచ్చిన మెకానిక్ మళ్లీ గ్యాస్ అంటున్నాడు. కొట్టించాలా, మార్చమని ఓనర్‌ని అడగాలా?

సొంతిల్లు_హబ్సిగూడ
గ్యాస్ కొట్టించండి. ఏటా సర్వీసు, రెండేళ్లకోసారి గ్యాస్ ఏ ఏసీకైనా మామూలే. బండికి ఇంజనాయిల్ పోయించమా? మా ఇంట్లో 2011 నాటి ఏసీ ఇప్పటికీ నడుస్తోంది. పదేళ్లు దాటిందని పారేసుకుంటూ పోతే ఎన్ని కొంటాం?

ఏసీ_పని_ఉప్పల్
అన్నా, గ్యాస్ ఆయిల్ లాంటిది కాదు. వాడితే అరిగేది కాదు, తరిగేది కాదు. రాగి పైపుల్లో ఇండోర్‌కీ ఔట్‌డోర్‌కీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. లీకు పట్టకుండా గ్యాస్ కొట్టడమంటే ఆ మూడు వేలూ గాల్లోకి వదలడమే.

రామంతాపూర్ అన్నా, ముందు జాలీ (ఫిల్టర్) కడగండి, బ్లోయర్‌కి దుమ్ము పట్టిందేమో చూడండి. గాలి సరిగా ఆడకపోయినా మంచు కడుతుంది. అవన్నీ శుభ్రంగా ఉండి కూడా మంచు వస్తోందంటే గ్యాస్ తక్కువున్నట్టు. పైపుల్లోకి నైట్రోజన్ ఎక్కించి, నట్ల మీద, అతుకుల మీద సబ్బునురగ రాసి లీకు ఎక్కడుందో చూడమనండి. ఇంకో మాట, మీ ఇల్లు మూసీకి గానీ, నాలాకి గానీ దగ్గరా?

అద్దె_రామంతాపూర్
నాలా వెనక గల్లీలోనే అన్నా. వానాకాలం కిటికీ తీయలేం, అంత వాసన. జాలీ నెలనెలా నేనే కడుగుతాను. మీరడిగారని ఇప్పుడు టార్చి వేసి చూశా, కాయిల్ వంపుల దగ్గర రాగి ఎర్రగా లేదు, మసి రాసినట్టు నల్లగా ఉంది.

కూలర్_చాలు
మే దాకా కూలర్‌తో గడిపేయొచ్చు కదా, ఇంత ఖర్చెందుకు?

తార్నాక_పద్మ
ఆయన అడుగుతున్నది ముసురు రోజుల గురించి. ఎండాకాలం మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ పనిచేస్తుంది. జూన్ దాటాక గాల్లోనే తేమ ఉంటుంది, కూలర్ నీళ్లు ఇంకా తేమ కలుపుతాయి, ఉక్కపోత పెరుగుతుంది.

ఏసీ బాగున్నా వానాకాలం చెమ్మ తగులుతుందండీ. బయట 27, 28 డిగ్రీలుంటే గది తొందరగా చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది. ఫ్యాన్ మాత్రం తిరుగుతూ కాయిల్ మీది తడిని మళ్లీ గదిలోకే ఊదుతుంది. చిన్న గదికి పెద్ద టన్నేజీ పెడితే ఇది ఇంకా ఎక్కువ. ఆ రోజుల్లో రిమోట్‌లో తేమ లాగే డ్రై మోడ్ పెట్టండి. డ్రెయిన్ పైపులో పాచి పట్టిందేమో కూడా చూడండి.

ఏసీ_పని_ఉప్పల్
నల్లబడిందంటే నాలా గాలే. మురుగులోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ రాగిని తినేస్తుంది, కంటికి కనబడనంత సన్న చిల్లులు పడతాయి. ఒకచోట అతికితే ఇంకోచోట తెరుచుకుంటుంది. ఆ కాయిల్‌తో ఆ ఏసీకి గ్యాస్ నిలవదు.

సొంతిల్లు_హబ్సిగూడ
ఇవన్నీ కొత్తది కొనిపించడానికి చెప్పే మాటలు. మా కింద పోర్షన్‌లో ఒక మెకానిక్ ఇలాగే కాయిల్ పోయిందని తొమ్మిది వేలు పట్టుకుపోయాడు. ఆర్నెల్లకే మళ్లీ చల్లదనం లేదు. ఫోన్ చేస్తే ఎత్తడు. రెండేళ్లకోసారి గ్యాస్ కొట్టించుకుని హాయిగా ఉన్నవాళ్లు నాకు బోలెడుమంది తెలుసు.

ఏసీ_పని_ఉప్పల్
ఒకడు మోసం చేస్తే అందరం దొంగలమా సార్? మూడో అంతస్తు సజ్జ మీద నిలబడి ఔట్‌డోర్ దించేది మేం. లీకు టెస్టుకి ఐదు వందలు అడిగితే "అదంతా వద్దు, గ్యాస్ కొట్టి పో" అంటారు. పైపుల్లో గాలి, తేమ లాగేయడానికి వాక్యూమ్ పెడతాం, అరగంట ఆగమంటే విసుక్కుంటారు. ఆరు నెలలకి గ్యాస్ పోతే మళ్లీ మమ్మల్నే తిడతారు. ఆర్-22ను ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం కింద 2030 నాటికి దాదాపు ఆపేస్తున్నారు, రేటు పెరిగేదే గానీ తగ్గేది కాదు. ఆ పాత ఏసీలో కొత్త ఏసీల గ్యాస్ ఆర్-32 పోయడానికీ లేదు, దాని ప్రెషర్ ఒకటిన్నర రెట్లకు పైనే, పైగా మంట అంటుకునే గుణం ఉంది. ఎవరైనా పోస్తానంటే పోయనివ్వకండి.

సొంతిల్లు_హబ్సిగూడ
సరే, సూటిగా చెప్తాను. నాకు రెండు పోర్షన్లున్నాయి. అద్దెకొచ్చినవాళ్లు 18లో పెట్టి తెల్లార్లూ నడుపుతారు, జాలీ ముట్టుకోరు. ఖాళీ చేసేటప్పుడు ఏసీ పాడైపోయి ఉంటుంది, రిమోట్ కూడా ఉండదు. మళ్లీ నలభై వేలు పెట్టి ఎవరి కోసం కొనాలి? 2021 మోడల్ టెనెన్సీ చట్టంలో గీజర్ రిపేరు అద్దెకున్నవాళ్లదేనని రాశారు. ఏసీ మాత్రం ఓనర్‌దెలా అవుతుంది?

అద్దె_రామంతాపూర్
అది నమూనా చట్టమండీ, రాష్ట్రం తన చట్టం చేసుకుంటేనే వర్తిస్తుంది. అందులో ఏసీ పేరే లేదు. గీజర్ రిపేరు వేరు, పదేళ్లు దాటి తుప్పు తిన్న మెషీన్ మార్చడం వేరు. ఏసీ ఉందనే నా దగ్గర నెలకి వెయ్యి ఎక్కువ తీసుకుంటున్నారు. జాలీ కడగడం నా పని, కడుగుతున్నా. పోయినేడు గ్యాస్ కూడా నేనే పెట్టుకున్నా. నాలా పక్కన ఇల్లు కట్టింది నేను కాదు కదా.

సొంతిల్లు_హబ్సిగూడ
నాలా ఉందని చూసే దిగారు కదా. అద్దె తక్కువనే కదా అక్కడికి వెళ్లింది.

తార్నాక_పద్మ
ఆ మాట బాలేదండీ. అద్దె తక్కువైతే మాత్రం పాడైన సామానుకి కూడా వెయ్యి కట్టాలా?

సొంతిల్లు_హబ్సిగూడ
వెయ్యి కట్టడం మానేయమనండి, ఏసీ దింపేస్తారు. ఏ ఓనరైనా అదే చేస్తాడు.

ఏసీ_పని_ఉప్పల్
అన్నా, ముందు లీకు టెస్టు చేయించండి. నైట్రోజన్ ప్రెషర్ ఎంత పెట్టారు, ఎంతసేపటికి ఎంత పడింది, మీటర్ ఫోటో తీసి ఓనర్‌కి పంపండి. నల్లబడ్డ కాయిల్ ఫోటో కూడా. ఆ ఇంటికి కొత్తది పెడితే వంపుల మీద కూడా పూత ఉన్న కాయిల్ చూసి తీసుకోవాలి, రేకుల మీద నీలం పూత ఒక్కటే ఉంటే చాలదు. ఔట్‌డోర్‌ని నాలా వైపు గోడకి మాత్రం బిగించొద్దు.

అద్దె_రామంతాపూర్
ఆదివారం టెస్టుకి ఒకరిని పిలిచాను. ఔట్‌డోర్ ఇప్పుడు నాలా వైపే ఉంది. రోడ్డు వైపు గోడకి మారిస్తే పైపు ఎంత పెరుగుతుందో వాళ్లనే కొలవమంటాను. ఓనర్‌ని కూడా ఆ టైముకి రమ్మన్నా, వస్తానన్నారు.