అప్‌డేట్: బత్తాయి తోట మీద నేను రాసిన పోస్టులు ఎవరివి?

నల్లగొండ దగ్గరి మా బత్తాయి తోట గురించి ఒక ఆన్‌లైన్ వేదికలో ఆరేళ్లుగా నేను రాసిన పోస్టులను ఆ వేదిక ఏఐ శిక్షణకు లైసెన్సుగా ఇచ్చిందని తెలిసి, అవి ఇప్పుడు ఎవరి సొత్తని కిందటి నెల అడిగాను. మీలో కొందరు సూచించినట్టే నిబంధనల ప్రతిని ప్రింటు తీయించి, మా జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక వకీలు సాబుకు చూపించాను.

1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం రాసినవారే తొలి హక్కుదారు గనుక పోస్టులు నావేనని ఆయన చెప్పారు. అయితే ఖాతా తెరిచిన రోజు చదవకుండానే ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కి, వాటిని వాడుకోవడానికీ ఇతరులకు ఇవ్వడానికీ పైసా అడగని అనుమతిని నేనే ఇచ్చేశాను. 2024లో ఆన్‌లైన్ చర్చావేదిక రెడ్డిట్ తన పోస్టులను ఏఐ శిక్షణకు ఇచ్చేలా గూగుల్‌తో ఒప్పందం చేసుకున్నప్పుడూ వాడుకరుల ముందు ఇదే ప్రశ్న నిలిచింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరొకటి: బంక తెగులు సోకిన కాండాన్ని గీకి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయాలన్న సలహాకు కాపీరైటు ఉండదు, దాన్ని నేను చెప్పిన వాక్యాలకే ఉంటుంది. (ఆ సలహా అసలు మా నాయినది, ఆయన ఎన్నడూ ఏ బటనూ నొక్కలేదు.)

ఇప్పటికే శిక్షణలో కలిసినవి, పోస్టులు తొలగించినా వెనక్కి రావు. సెట్టింగులలో ఇకముందు వాడకుండా ఆపే ఏర్పాటు కనిపిస్తే దాన్ని ఎంచుకున్నాను. పోస్టులను మాత్రం తీసేయలేదు, ఎందుకంటే మొన్ననే పక్క ఊరి రైతు ఒకరు వాటిని చూసి ఫోను చేశారు.