ఎండలు ముదిరేలోగా అద్దె పోర్షన్లకి ఏ పని ముందు చేయించాలి? (పాలకొల్లు)

పడమటి వరండా:
జీ ప్లస్ వన్ డాబా అండి. కింద రెండు పోర్షన్లు, పైన ఒకటి, మూడూ అద్దెకే. స్లాబు పోసి ఇరవై ఏళ్లు దాటింది, వైరింగూ అప్పటిదే. మీటర్లు వేరు, సంపూ మోటారూ ఉమ్మడి. పైవాళ్లు ఏసీ పెట్టుకుంటామంటున్నారు. కిందవాళ్లకి మే నెలొస్తే నీళ్ల గోల. డాబాకి తెల్ల పెయింటు వేయించాలా, తలో కూలరు కొనిచ్చేస్తే సరిపోతుందా? అన్నీ ఒకేసారి చేయించే డబ్బు లేదు. ఏది ముందు?

కాలవగట్టు:
నీళ్లే ముందండి, అదీ కాలవలు కట్టకముందే, అంటే వాటిలో నీళ్లు ఆపకముందే. దాళ్వా (రెండో పంట వరి) అయ్యాక ఏప్రిల్లో కాలవలు కట్టేస్తే మళ్లీ జూన్ దాకా ఊరికి చెరువు నీళ్లే ఆధారం. అప్పుడు సంపు కడుగుతానంటే నింపుకోవడానికి నీళ్లుండవు.

ముందు లెక్క చూసుకోండి. మనిషికి రోజుకి 135 లీటర్లు. మూడు పోర్షన్లలో పన్నెండు మందనుకుంటే 1,620. సంపు లోపలి పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో గుణించి 28.3తో హెచ్చవేస్తే లీటర్లొస్తాయి. 5×4×4 సంపైతే 2,260. పైన వెయ్యి లీటర్ల ట్యాంకుంటే మొత్తం 3,260. కుళాయి రోజు విడిచి రోజు వదిలితే కావలసింది 3,240. అంటే బొటాబొటి. ఒక్క ఫ్లష్ ట్యాంకు కారినా రెండో రోజు సాయంత్రానికి గోల మొదలు. ఆ కారడం కంటికి కనపడదు. ఫ్లష్ ట్యాంకులో కాస్త నీలిమందు కలిపి పావుగంట ఎవరినీ వాడొద్దనండి. నొక్కకుండానే కింద బేసిన్‌లోకి నీలం దిగిందంటే లోపలి వాషరు పోయినట్టే. కొత్త సంపు తవ్వించే ముందు ఈ వాషర్లు మార్పించండి.

సంపులో బురద తోడించి, గోడలు రుద్దించాక, 33 శాతం బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకి 150 గ్రాముల చొప్పున కలిపి రాత్రంతా ఉంచి, మర్నాడు తోడిపోయండి. సంచి విప్పి నెలలైన పౌడరులో ఘాటు పోతుంది, పనిచేయదు. ఒక జాగ్రత్త: మూత తియ్యగానే మనిషిని దించకండి. గంటసేపు గాలి ఆడనివ్వాలి, పైన ఇంకో మనిషి ఉండాలి. పౌడరు కలిపాక అసలే దిగకూడదు.

మోటారు వేసినప్పుడల్లా నీళ్లు పోసి ఎక్కించాల్సి వస్తోందంటే ఫుట్ వాల్వ్ (సంపులో పైపు అడుగున ఉండే వాల్వు) నాలుక కింద ఇసక ఇరుక్కుని ఉంటుంది. నీళ్లు లేకుండా తిరిగితే మెకానికల్ సీల్ మాడుతుంది. డ్రై రన్ కటాఫ్ (నీళ్లు లేకపోతే మోటారు ఆపేసేది) ఉన్న లెవెల్ కంట్రోలరు పెట్టించేయండి.

నీళ్లు చాలట్లేదని బోరు లోతు పెంచాలనుకుంటారేమో, తీరం వైపు ఊళ్లలో అది తప్పు. పైన తేలే మంచినీటి పొర కిందే ఉప్పునీళ్లు. లోతుకెళ్లినా, గంటలకొద్దీ ఏకధాటిగా తోడినా ఉప్పు పైకొస్తుంది. ఉన్న బోరునే కాసేపు తోడి, కాసేపు ఆపండి.

ఫేజు న్యూట్రల్:
ఏసీకి ఒప్పుకునే ముందు పై పోర్షన్ కరెంటు బిల్లు తీసి, మంజూరైన లోడు ఎంతుందో చూడండి. టన్నున్నర ఏసీ 1.5 కిలోవాట్లు దాకా లాగుతుంది. ఫ్రిజ్, ఫ్యాన్లు, మిక్సీ కలిస్తే 2.5 దాటుతుంది. మంజూరైంది ఒకటో రెండో కిలోవాట్లే ఉంటే అదనపు లోడుకి ముందే దరఖాస్తు పెట్టించండి.

పాత 1.5 స్క్వేర్ ఎంఎం వైరు మీద ఏసీ వద్దు. వైరు కంటే ముందు బోర్డులోని జాయింటు కాలుతుంది: స్క్రూ దగ్గర తొడుగు గోధుమరంగుకి తిరిగి, పెళుసుబారి ఉంటుంది. మీటరు దగ్గర్నుంచి ఏసీ దాకా విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, సీ కర్వ్ రకం 20 యాంప్స్ ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్చి) ఉన్న బాక్సు, ఎర్త్ వైరు. ఈ లైను ఖర్చు ఓనరు పెట్టుకోవడమే మంచిది. వాళ్లు ఖాళీ చేసినా ఇంటికే ఉంటుంది.

ప్రతి పోర్షనుకీ 30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చి) పెట్టించండి. పెట్టగానే పడిపోతోందని ఎలక్ట్రీషియన్ దాన్ని పీకేసి వెళ్లనివ్వకండి. ఉమ్మడి మోటారున్న చోట ఫేజు ఒక మీటరుది, న్యూట్రల్ ఇంకో మీటరుది కలిపేసి ఉంటారు, అందుకే పడిపోతుంది, అది విడదీయాలి. ఎర్త్ గొయ్యి దగ్గర బోల్టు తుప్పు పట్టి తెగిందేమో చూసి, టెస్టరుతో కొలిపించండి. 5 ఓమ్‌ల లోపుండాలి.

ఫుల్లులో పెట్టినా ఫ్యాను నీరసంగా తిరిగితే ఎక్కువగా కెపాసిటరే. 2.5 ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్) సైజు చాలావాటికి సరిపోతుంది, పాతదాని మీద అంకె చూసి అదే వేయించండి.

కూలర్లు మాత్రం కొనకండి. పొడిగాలి ఉంటేనే అవి చల్లబరిచేది. పడమటి గాలి కొట్టే నాలుగు మధ్యాహ్నాలు తప్ప మన ఉక్కలో గదికి ఇంకాస్త జిగట తెస్తాయంతే. ఆ డబ్బు వైరింగ్‌లో పెట్టండి.

పడమటి వరండా:
కూలర్లు మానేశానండి. మరి స్లాబు సంగతి? మూలన సన్నటి బీటలున్నాయి. సున్నమా, కూల్ రూఫ్ పెయింటా?

సున్నం బకెట్టు:
ముందు బీటలు. పైపైన సిమెంటు పాలు పూస్తే ఆగదు. స్లాబు రోజూ ఎండకి సాగి, రాత్రికి ముడుచుకుంటుంది, గట్టి సిమెంటు మళ్లీ అక్కడే విడుతుంది. అర సెంటీమీటరు గాడి కొట్టించి, దుమ్ము ఊది, పాలిమర్ కలిపిన మసాలా కూరించండి. పిట్టగోడ, స్లాబు కలిసే మూల ఇంకా ముఖ్యం. డౌన్‌పైపు మూతిలో ఆకులు తీయించేయండి.

డబ్బు తక్కువంటున్నారు కాబట్టి ఈ ఏడాదికి సున్నమే. రాళ్ల సున్నం ముందురోజు నానేసి, గుడ్డలో వడగట్టి, జిగురు కలిపి రెండు కోట్లు. నానేసేటప్పుడు మరిగి చిమ్ముతుంది, కళ్లు జాగ్రత్త. వానలకి కొట్టుకుపోతుంది, ఒక్క సీజనే. కూల్ రూఫ్ పెయింటు కొన్నేళ్లు వస్తుంది గానీ పాచి మీద వేస్తే పొరలు పొరలుగా లేస్తుంది. బ్లీచింగ్ చల్లి, వైరు బ్రష్షుతో రుద్ది, కడిగి, పూర్తిగా ఆరాకే వేయాలి. ఏదైనా పొద్దున్నే వేయించండి. మిట్టమధ్యాహ్నం కాలే స్లాబు మీద పట్టకుండానే ఎండిపోయి పొడిగా రాలుతుంది.

సాయంత్రం డాబా మీద నీళ్లు కొట్టడం మాన్పించండి, నీళ్లే లేవన్న ఇంట్లో అది దండగ. పడమటి కిటికీలకి బయటనుంచి కొబ్బరాకు తడికలు కట్టిస్తే లోపలి కర్టెన్ల కంటే మేలు. డాబా మీద పందిరి మాత్రం వద్దు. మే నెల ఈదురుగాలికి లేచిపోతుంది, నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది. నల్ల ట్యాంకు మీద గ్రీన్ నెట్ జానెడు ఎడం ఉంచి కట్టండి, ఆనించి చుడితే వేడి తగ్గదు.

కాలవగట్టు:
వరస అడిగారుగా: ఫిబ్రవరిలో వాషర్లు, సంపు. మార్చిలో ఏసీ లైను, బీటలు. ఉగాది అయ్యాక సున్నం. పెయింటు వచ్చే ఏడు చూసుకోవచ్చండి.