రాజ్మా లేని చిల్లీ: కుక్కరా, సన్నని సెగా?

మామిడితోపు (చిత్తూరు): వైద్యుడు పిండిపదార్థాలు తగ్గించమన్నారు. అమెరికాలోని డాలస్ నుంచి సెలవులకు వచ్చిన మా అబ్బాయి నిన్న టెక్సాస్ చిల్లీ, అంటే అక్కడి మాంసం, ఎండుమిరప కూర, వండిపెట్టాడు. కిలో గేదె మాంసం, పిక్క భాగం. బ్యాడిగి మిరపకాయలు వేయించి, నానబెట్టి, రుబ్బి, జీలకర్ర పొడి కలిపి, మూత ఓరగా పెట్టి మూడు గంటలు ఉడికించాడు. ముక్క గరిటె తగిలితేనే విడిపోయింది. ఇంత గ్యాసు అవసరమా? కుక్కరు చాలదా?

కపిలతీర్థం వాసి: ఎనిమిది కూతలు చాలు. రాజ్మా వేస్తే ఇంకా బాగుంటుంది.

మామిడితోపు: పిండిపదార్థాలు వద్దన్నారని మొదటి వాక్యంలోనే రాశాను. 100 గ్రాముల ఎండు రాజ్మాలో పీచుతో కలిపి 60 గ్రాములు అవే.

కట్టెలపొయ్యి: టెక్సాస్ వాళ్లు అసలు రాజ్మా వేయరు. కుక్కరులో ఆవిరి బయటికి పోక పులుసు నీళ్లగా మిగులుతుంది. అప్పుడు మొక్కజొన్న పిండి కలపాలి. ఇక పథ్యం ఎందుకు?

కపిలతీర్థం వాసి: మూత తీసి పది నిమిషాలు ఇగరబెట్టండి! పోయిన నెల మా సిలిండరు పద్దెనిమిది రోజులకే అయిపోతే అత్తగారు ఎన్ని మాటలన్నారో నాకు తెలుసు.

పులిచెర్ల: రాగి సంగటి ఒక్క ముద్ద?

కట్టెలపొయ్యి: రాగుల్లోనూ 100కి 70 గ్రాములుంటాయి. వద్దు.

కపిలతీర్థం వాసి: అయినా పొట్టేలు మాంసం దొరకలేదా? కొండ కింద ఉండి ఈ వంట గురించి ఇంత బాహాటంగా మాట్లాడుకోవాలా?

కట్టెలపొయ్యి: మాంసం నిషేధం తిరుమల కొండ మీద. ఆయన ఉన్నది చిత్తూరులో. 1977 నాటి మన చట్టం ఆవును కోయకూడదంటుంది, గేదెకైతే కోయవచ్చని ధ్రువపత్రం అడుగుతుంది. టెక్సాస్ శాసనసభ చిల్లీని రాష్ట్ర వంటకంగా ప్రకటించిందీ ఆ ఏడాదే.

కపిలతీర్థం వాసి: చట్టం ఎవరడిగారు? నేను మర్యాద గురించి అంటున్నాను.

నీవా ఒడ్డు: మర్యాద మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మా అమ్మ ఆదివారం చర్చికి బయలుదేరే ముందు ఈ కూరే సన్నని సెగ మీద పెట్టేది, తిరిగి వచ్చాక దించేది. బడిలో నా డబ్బా మూత తీస్తే పక్కవాడు లేచి వెళ్లిపోయాడు. పెద్దయ్యాక అద్దె ఇంటికి వెళితే, పేరు కంటే ముందు ఏం తింటారని అడిగారు. మా వీధిలో గొడ్డుకూర, మీ అబ్బాయి వండితే టెక్సాస్ చిల్లీ. కూతలు తర్వాత లెక్కపెడదాం.

మామిడితోపు: కాదనను. మా అబ్బాయి వండింది పెరట్లో, కొత్తగా కొన్న గిన్నెలో. ఆ గిన్నెను మా ఆవిడ ఇప్పటికీ గడప దాటనివ్వలేదు. ఇంట్లో కుక్కరు ముట్టుకోనివ్వదు. వేరే కుక్కరు కొనాలా అనేదే నా అసలు ప్రశ్న, అలా అడగడానికి మొహమాటపడ్డాను.

నీవా ఒడ్డు: మీ మొహమాటం ఆవిడ దగ్గరా, మా దగ్గరా?

కపిలతీర్థం వాసి: కొనేటట్లయితే అయిదు లీటర్లది తీసుకోండి. మూడు లీటర్లదానిలో కిలో మాంసం, పులుసు ఇరుకవుతాయి.