మాయాబజార్‌కి రంగులు వెయ్యడం తప్పా, ఒప్పా?

పాతరీలు: నిన్న టీవీలో రంగుల మాయాబజార్ వచ్చింది. 1957లో కె.వి. రెడ్డి నలుపు తెలుపులో తీసిన సినిమాకి 2010లో కంప్యూటర్‌తో రంగులద్ది మళ్ళీ హాళ్ళకి వదిలారు కదా, అదే. పది నిమిషాలు చూసి కట్టేశా. 'లాహిరి లాహిరి' పాటలో వెన్నెల ఏదండీ? కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే స్టూడియోలో లైట్లు పెట్టి పుట్టించిన వెన్నెల మీద నీలం పులిమితే ఇంకేం మిగిలింది?

సుబ్బు_91: నాకు బాగానే కనిపించింది. మీ టీవీ సెట్టింగులు చూసుకోండి.

గోదారిపిల్ల: మా పాప నలుపు తెలుపు వస్తే ఛానల్ మార్చేస్తుంది. రంగులది ఫోన్లో పెడితే 'వివాహ భోజనంబు' మళ్ళీ మళ్ళీ పెట్టించుకుంది.

పాతరీలు: పాప తినట్లేదని ఆవకాయలో పంచదార కలుపుతామా? అసలు శశిరేఖ చీర ఆ రంగే అని వీళ్ళకెవరు చెప్పారు? అడుగుదామంటే కె.వి. రెడ్డి 1972లోనే పోయారు, బార్‌ట్లే 1993లో.

నేలటికెట్: మళ్ళీ చీర! మూడు గంటల సినిమాలో మీకు చీరే దొరికిందా సార్? చూసేవాళ్ళంతా వెర్రివాళ్ళు, మీరొక్కరే రసికులు, అంతేగా?

పాతరీలు: రసికుణ్ణి కాదు బాబూ, డేరా టాకీస్ ఆపరేటర్ కొడుకుని. మా నాన్న ముప్ఫై ఏళ్ళు ప్రొజెక్టర్ పక్కన నిలబడి దానికి వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు సర్దాడు, వాటి మధ్య ఎడం కాస్త పెరిగితే తెర మసకబారేది, కింద నుంచి ఈలలు, బూతులు. ఒకసారి రీలు కాలితే ఓనరు నెల జీతం కోసేశాడు. వెలుగు కోసం ఎవరెంత పాట్లు పడతారో చూసినవాణ్ణి. పనివాడు చేసింది చేసినట్టు ఉంచమంటున్నా, అంతే.

నేలటికెట్: జీతం కోసింది మీ ఓనరు, కోపం మా మీదా? రంగులెయ్యకపోతే 2010లో ఏ హాలువాడు దాన్ని ఆడించేవాడు చెప్పండి. మా అమ్మ చిన్నప్పుడు నేల మీద కూర్చుని చూసిన సినిమా, అన్నేళ్ళకి మళ్ళీ హాల్లో చూపించా. బయటికొచ్చి "అప్పుడూ రంగుల్లోనే ఉందిగా" అంది. కాదమ్మా అంటే వినదే!

సుబ్బు_91: 😀😀

పాతరీలు: చూశారా, బార్‌ట్లే ఆవిడకి అప్పుడే రంగులు చూపించేశాడు. ఇక ఈ కంప్యూటర్ ఎందుకు?

నేలటికెట్: హాలుకి తీసుకెళ్ళడానికి! ఆ మర్నాడు వీధంతా చెప్పుకుంది. తర్వాత ఏ సినిమాకీ రాలేదు, మోకాళ్ళు పోయాయి.

పాతరీలు: సరే. చీర రంగు మాత్రం తప్పే.