గుడ్ ఫ్రైడే రోజు రక్తదాన శిబిరం: ఉపవాసం ఉన్నవాళ్ల సంగతేంటి?

అందరికీ వందనాలండి. మాది గుంటూరు దగ్గర పల్లెలో చిన్న సంఘం. ఈసారి గుడ్ ఫ్రైడేకి రక్తదాన శిబిరం పెడదామని యూత్ పట్టుబట్టారు. పాస్టరుగారు సరేనన్నారు, బ్లడ్ బ్యాంకు వాళ్లూ వస్తామన్నారు. చిక్కెక్కడంటే, ఆ రోజు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఏడు మాటల ఆరాధన, అంటే సిలువ మీద యేసు ప్రభువు పలికిన ఏడు మాటల్ని ధ్యానించే ఆరాధన. సగం మంది పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టరు. ఖాళీ కడుపుతో రక్తం ఇవ్వకూడదు కదా! పోయినేడు పక్క ఊళ్లో ఓ కుర్రాడు ఉపవాసం సంగతి దాచి ఇచ్చాడు. లేచి నిలబడగానే కళ్లు తిరిగి బెంచీ మీద పడ్డాడు. అప్పటి నుంచి నాకు టెన్షనే.

శనివారానికి మారుద్దామంటే పెద్దలు ఒప్పుకోవట్లేదు. "ప్రభువు రక్తం కార్చిన రోజే ఇవ్వాలి" అంటారు. వాళ్ల మాటా కొట్టిపారేయలేను. ఆరాధన అయ్యాక పులిహోర, మజ్జిగ పెట్టి, కాసేపు ఆగి మొదలుపెడితే సరిపోతుందా? మీ సంఘాల్లో ఎలా చేశారు?

ఇంకోటి. మా దగ్గర ముందుకొచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, చాలామందికి ఉండదు. నలుగురిలో వెనక్కి పంపితే చిన్నబుచ్చుకుంటారు. వాళ్లకి ఏ పని అప్పగిస్తే బాగుంటుంది?

ఊళ్లో హిందూ, ముస్లిం కుర్రాళ్లనీ పిలవాలనుంది. చర్చిలోకి రావడానికి మొహమాటపడతారేమో, పక్కనున్న బళ్లో పెడితే నయమా?