జీన్ గ్రేకు ఇన్ని లోకాలు మేలు చేశాయా, కీడు చేశాయా?

పాత_సంచిక:
2023లో మార్వెల్ సంస్థ, ఎక్స్-మెన్ అనే అతీతశక్తుల జట్టు కథల్లోని నాయిక జీన్ గ్రే పేరుతో నాలుగు సంచికల చిన్న కథామాలను ప్రచురించింది. లూయిస్ సైమన్సన్ కథ రాయగా బెర్నార్డ్ చాంగ్ బొమ్మలు గీశారు. అందులో మరణం వాకిట నిలిచిన జీన్ తన జీవితంలోని ముఖ్యమైన మలుపుల దగ్గరికి తిరిగి వెళ్లి, అక్కడ తాను మరో నిర్ణయం తీసుకుని ఉంటే ఏమయ్యేదో చూసుకుంటుంది. ఈమధ్య దాన్ని మళ్లీ చదివాక చాలాకాలంగా మనసులో ఉన్న అభ్యంతరాన్ని ఇక్కడ చర్చకు పెట్టాలనిపించింది.

జీన్ కథకు ఒక ముగింపు ఉంది. 1980లో వచ్చిన ఎక్స్-మెన్ 137వ సంచికలో, చంద్రుడి మీద, తన శక్తి మళ్లీ అదుపు తప్పుతున్నదని గ్రహించిన ఆమె తన ప్రాణం తానే తీసుకుంటుంది. అంతకు రెండు సంచికల ముందు, తనలోని ఫీనిక్స్ అనే విశ్వశక్తి అదుపు తప్పి, డార్క్ ఫీనిక్స్‌గా ఆమె ఒక నక్షత్రాన్ని మింగేసింది, దాని వెలుగు మీద బతికే డిబారీ జాతివారు ఐదు వందల కోట్లమంది నశించారు. ఆ పాపానికి ఆ చావు జవాబు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ప్రత్యామ్నాయ లోకమూ ఆ జవాబును కొంచెం కొంచెం చెరిపేస్తూ వచ్చిందని నా అభిప్రాయం. చనిపోని జీన్, శక్తి అసలు సోకని జీన్, గతం నుంచి పడుచుపిల్లగా నడిచివచ్చిన జీన్, ఇలా ఇన్ని రూపాలు కళ్లముందు తిరుగుతుంటే, ఆ ఒక్క జీన్ చేసిన పనికీ పడిన బాధకూ విలువ ఎక్కడ మిగులుతుంది?

శ్రావణమేఘం:
మీరు అసలు ముగింపు అంటున్నది ఆ కథ రాసినవారు మొదట అనుకున్న ముగింపు కాదన్న సంగతి మీకు తెలియనిది కాదు. క్రిస్ క్లేర్‌మాంట్, జాన్ బర్న్ సిద్ధం చేసిన కథలో షియార్ అనే గ్రహాంతర సామ్రాజ్యం వారు జీన్ శక్తులను తీసివేస్తారు, ఆమె మామూలు మనిషిగా బతికి ఉంటుంది. అంతమందిని చంపినవారికి అంత తేలికైన ఫలితం తగదని అప్పటి ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ పట్టుబట్టడం వల్ల చివరి పేజీలు మార్చారు. ఆ మొదటి రూపాన్ని 1984లో విడి సంచికగా కూడా అచ్చువేశారు. అంటే మీరు మూలమని పట్టుకున్నది కూడా రెండు దారుల్లో ఒకటి, అదీ సంపాదకుడి గదిలో ఎంపికైనది.

లోకాలు ఆమెను పలచన చేశాయన్న మాటనూ నేను ఒప్పుకోను. 1995లో వచ్చిన ఏజ్ ఆఫ్ అపొకలిప్స్ చూడండి. కాలంలో వెనక్కి వెళ్లిన కొడుకు లీజియన్ చేతిలో ఎక్స్-మెన్ స్థాపకుడు జేవియర్ ముందే చనిపోవడంతో చరిత్రంతా మారిపోయిన లోకమది. ఆ జీన్‌కు ఫీనిక్స్ లేదు, వెనక ఏ విశ్వశక్తీ లేదు. అయినా అణుబాంబులు కురుస్తున్నప్పుడు మనసు బలంతోనే వాటిని అడ్డుకుని నిలబడుతుంది, ఆ ప్రయత్నంలోనే స్కాట్ తమ్ముడు హావక్ చేతిలో ప్రాణం పోగొట్టుకుంటుంది. జీన్ గొప్పతనం ఆ నిప్పుపక్షి నుంచి వచ్చినది కాదని నాకు అర్థమైంది ఆ కథ వల్లనే. ప్రధాన లోకంలో ఈ విషయాన్ని ఇంత స్పష్టంగా చూపించే అవకాశమే లేకపోయింది.

తర్కవాది:
ఈ చర్చకు అసలు ఆధారమే లేదు. డిబారీ వారిని చంపినది జీన్ కాదు. 1986లో న్యూయార్క్ దగ్గరి జమైకా అఖాతం అడుగున ఒక గూడులో నిజమైన జీన్ దొరికింది. 1976 నుంచి ఎక్స్-మెన్‌తో తిరిగినది ఫీనిక్స్ శక్తి తయారు చేసుకున్న నకలు. కాబట్టి శిక్ష, జవాబు, విలువ అన్న మాటలు ఇక్కడ వర్తించవు.

నిశాచరి:
ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం నాకు దొరికిన 137వ సంచికలో చివరి పేజీలు లేవు. ఆమె చనిపోయిందని తెలియకుండానే పెద్దదాన్నయ్యాను. నా వరకు జీన్ బతికిన లోకం అప్పటి నుంచీ ఉంది.

పాత_సంచిక:
శ్రావణమేఘం గారూ, ఆ మార్పు సంగతి నాకు తెలుసు. ఆ విషయంలో షూటర్ నిర్ణయం సరైనదని కూడా నేను నమ్ముతున్నాను. ఎవరు ఎక్కడ కూర్చుని ఎంచుకున్నారన్నది కాదు, అచ్చయిన కథలో ఏది నిలబడిందన్నది చూడాలి. చంద్రుడి మీద షియార్ వారితో పోరాటానికి జీన్ ఏ దుస్తుల్లో వెళుతుందో గమనించండి. ఫీనిక్స్ దుస్తుల్లో కాదు, మార్వెల్ గర్ల్‌గా ఉన్నప్పటి పాత ఆకుపచ్చ గౌను, పసుపు ముసుగు వేసుకుని వెళుతుంది. 1963లో మొదటి సంచికలో అడుగుపెట్టినప్పుడు వస్తువులను మనసుతో కదిలించడం మాత్రమే చేతనైన ఆ పిల్లగా తన వంతు పోరాటం తాను చేయాలనుకుంటుంది. స్నేహితులందరూ పడిపోయి ప్రియుడు స్కాట్ ఒక్కడే పక్కన మిగిలినప్పుడు, అతనికీ దెబ్బ తగలగానే లోపల ఉన్నది మళ్లీ లేస్తుంది, దుస్తులు ఎర్రబడతాయి. చివరికి స్కాట్ దగ్గరికి రాకుండా అతణ్ని మనోబలంతో ఆపి, అక్కడున్న, క్రీ అనే గ్రహాంతర జాతివారి పాత ఆయుధాన్ని తన మీదికే పేల్చుకుంటుంది. ఆ కొద్ది పేజీల్లో ఒక మనిషి తన గురించి తాను తీర్పు చెప్పుకోవడం ఉంది. శక్తులు పోయి ఇంటికి తిరిగివెళ్లే ముగింపులో ఆ బరువు ఉండేది కాదు.

తర్కవాది గారు చెప్పిన 1986 నాటి గూడు సంగతి ఈ తీర్పునే చెరిపేసింది. నా అభ్యంతరం మొదలయ్యేది అక్కడే. అది ప్రధాన లోకంలో జరిగినా, పద్ధతి మాత్రం ప్రత్యామ్నాయ లోకాలదే: జరిగినదాన్ని జరగనట్టు చేయడం.

తర్కవాది:
జరగనట్టు చేయలేదు. జరిగినదాన్ని వేరొకరు చేశారని చెప్పారు. రెండూ ఒకటి కావు. ఆ గూడు కథ ఉన్న ఫెంటాస్టిక్ ఫోర్ 286వ సంచిక ఒకసారి చూడండి, ఎలాంటి సందేహానికీ తావు లేకుండా ఉంది.

కృష్ణాతీరం:
ఆ గూడు కథ వల్ల ఎక్కువగా నష్టపోయినది, జీన్ చనిపోయిందనుకుని స్కాట్ పెళ్లి చేసుకున్న మాడలిన్ ప్రయర్. పసిబిడ్డతో ఉన్న ఆమెను వదిలి స్కాట్ వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆమె జీన్ నుంచి పుట్టించిన క్లోన్ అని తేల్చి, రాక్షసిగా మార్చి, చంపేశారు. ఆమె గురించి ఈ చర్చలో ఒక్క మాటైనా రావాలి.

శ్రావణమేఘం:
కృష్ణాతీరం గారి మాట నిజం, ఆ విషయానికి తిరిగి వస్తాను. ముందు తర్కవాది గారికి జవాబు చెప్పాలి.

అది నకలే అనుకుందాం. అప్పుడు పోయేది పాపం ఒక్కటేనా? చంద్రుడి మీద చేసిన త్యాగం కూడా జీన్‌ది కాకుండా పోతుంది. ఎమ్‌క్రాన్ స్ఫటికం దగ్గర విశ్వమంతా కూలిపోబోతుంటే పట్టి నిలిపిన ఘనత కూడా పోతుంది. ఆ కాలంలో ఆమె చేసిన మంచీ చెడూ అంతా ఇంకొకరి ఖాతాలోకి వెళ్లి, నీళ్ల అడుగున నిద్రపోయిన అమాయకురాలు మాత్రం మిగులుతుంది. నేను ఒకచోట ఉద్యోగం చేస్తున్నప్పుడు, రాత్రులు కూర్చుని నేను తయారు చేసిన నివేదిక మీద పై అధికారి తన పేరు వేసుకున్నారు. అడిగితే, నీ స్థాయికి ఇంత పని సాధ్యం కాదు కాబట్టి ఎవరూ నమ్మరన్నారు. ఈ కథలో రచయితలు జీన్‌కు అదే చేశారు. అంత శక్తి ఒక స్త్రీకి స్వతహాగా ఉండటం మింగుడుపడక, ఆ శక్తినీ ఆ చేతల్నీ బయటినుంచి వచ్చిన ఏదో ఒకదానికి అంటగట్టారు. మీరు దాన్ని తర్కం అంటున్నారు.

తర్కవాది:
మీ ఉద్యోగానికీ జమైకా అఖాతానికీ సంబంధం లేదు. కథలో రాసి ఉన్నదాన్ని మీరు వ్యక్తిగత కోపంతో చదువుతున్నారు. అది నకలు. మీకు నచ్చకపోతే అది నకలు కాకుండా పోదు.

శ్రావణమేఘం:
కథలు చదివేది వ్యక్తులే కాబట్టి వ్యక్తిగతంగానే చదువుతారు. ప్రతి ప్రశ్నకూ ఒకే సంచిక సంఖ్యను తిప్పి తిప్పి చెప్పడాన్ని చదవడమని నేను అనలేను.

పాత_సంచిక:
శ్రావణమేఘం గారు స్త్రీ అన్న మాట తెచ్చి చర్చను పక్కదారి పట్టిస్తున్నారు. ఐదు వందల కోట్లమందిని చంపినవాడు పురుషుడైనా నేను ఇదే అంటాను. ఆ సంఖ్య మీకు కథలో ఒక వాక్యంగా మాత్రమే కనబడుతున్నట్టుంది.

శ్రావణమేఘం:
నాకు ఏది ఎలా కనబడుతుందో మీరు నిర్ణయించనక్కర్లేదు. మీకు ఆమె చనిపోవడం ఒక్కటే కావాలి. 1981లో వచ్చిన వాట్ ఇఫ్ 27వ సంచిక, చంద్రుడి మీద ఫీనిక్స్ చనిపోకపోతే ఏమయ్యేదో చెప్పే కథ, మీలాంటి వారి కోసమే రాసినట్టుంటుంది. అందులో ఆమెను బతకనిస్తే చివరికి సర్వనాశనమే జరుగుతుంది. మీరు మొదట చెప్పిన 2023 కథామాలలో కూడా, ఆమె ఏ దారి తొక్కినా చేటుకే వెళుతుంది. నలభై ఏళ్లకు పైగా గడిచాక కూడా ఆమె బతికితే ప్రమాదమని ఎందుకు నిరూపిస్తూ ఉండాలి?

నిర్వాహకులు:
సభ్యులు ఒకరి ఉద్దేశాలను ఒకరు ఊహించకుండా కథల గురించే మాట్లాడవలసిందిగా కోరుతున్నాము.

పాత_సంచిక:
నా ఉద్దేశం ఊహించనక్కర లేకుండా నేనే చెబుతాను. ఇక్కడ ఎప్పుడూ రాయని సంగతి ఇది.

మా తమ్ముణ్ని ఒకడు తాగి బండి నడిపి గుద్ది చంపాడు. కోర్టులో అతని తరఫున వినిపించిన వాదన ఏమిటంటే, ఆ రాత్రి అతను అతనుగా లేడని, స్వభావరీత్యా చాలా నెమ్మదస్తుడని. మా అమ్మ పక్కన కూర్చుని ఆ మాట విన్నవాణ్ని నేను. అందుకే నకలు అన్నా, ఆవహించినది వేరే శక్తి అన్నా, మరో లోకంలో ఆమె ఆ పని చేయలేదన్నా నాకు ఒళ్లు మండుతుంది. చంద్రుడి మీద జీన్ ఆ మాట అనలేదు. అది నేను కాదు అనగలిగే అవకాశం ఉండి కూడా అనలేదు. ఆమెను నేను గౌరవించేది అందుకే. ఆమె చావు నాకు కావాలని కాదు, చేసినది నేనే అని ఒప్పుకున్న జీన్ కావాలి. ఆ జీన్‌ను నా దగ్గరి నుంచి తీసేసుకుంటున్నారన్నదే నా బాధ.

కృష్ణాతీరం:
మీ తమ్ముడి విషయం చదివి చాలా బాధ కలిగింది, పాత_సంచిక గారూ.

శ్రావణమేఘం:
పాత_సంచిక గారూ, మీరు ఈ సంగతి చెప్పినందుకు, ఇక్కడ చెప్పాలనుకున్నందుకు నాకు గౌరవం కలిగింది. మీకు సానుభూతి చూపి వాదన వదిలేయడం మీకు మర్యాద కాదని అనుకుంటున్నాను, కాబట్టి నా మాట చెబుతాను.

చేసినది నేనే అని ఒప్పుకున్న జీన్ మీకు ఎంత ముఖ్యమో నాకూ అంతే ముఖ్యం. నకలు కథను మీరు వద్దంటున్నది ఆమె పాపం పోయిందని, నేను వద్దంటున్నది ఆమె సంకల్పం పోయిందని. మనం విడిపోతున్నది ఆ తర్వాత. ఒప్పుకున్న మనిషి బతికి ఉండవచ్చా అన్నది అసలు ప్రశ్న. కూడదని 137వ సంచిక చెప్పింది. 1989లో ఎక్స్-ఫ్యాక్టర్ 38వ సంచిక, మళ్లీ ఆ లూయిస్ సైమన్సన్ రాసినదే, మరో జవాబు ఇచ్చింది. మాడలిన్ చనిపోయాక ఆమె జ్ఞాపకాలూ, వాటితోపాటు ఫీనిక్స్ జ్ఞాపకాలూ జీన్‌లోకి వస్తాయి. గూడులో నిద్రపోయానని తప్పించుకునే వీలు ఇక లేదు. నక్షత్రాన్ని మింగిన రుచి, డిబారీ వారి చావు, వదిలివేయబడిన భార్య కడుపుకోత, అన్నీ ఆమెవే అయ్యాయి. ఇవన్నీ మోస్తూ రేపు పొద్దున లేచి పని చేయవలసిన జీన్ ఆమె. నాకు చంద్రుడి మీద చనిపోయిన జీన్ కన్నా ఈమె బరువైన మనిషిగా కనబడుతుంది. మీరు అడిగిన జవాబుదారీతనం ఇందులో లేదంటారా?

తర్కవాది:
జ్ఞాపకాలు వచ్చినంత మాత్రాన చేసిన పని ఆమెది కాదు. 38వ సంచిక 286వ సంచికను రద్దు చేయలేదు.

పాత_సంచిక:
ఉంది, శ్రావణమేఘం గారూ. కానీ తర్వాతి రచయితలు దాన్ని ఎంతకాలం గుర్తుపెట్టుకున్నారన్నది నా ప్రశ్న. కొత్త కథకు అడ్డు వచ్చినప్పుడల్లా ఆ బరువు పక్కకు పోయింది. ప్రత్యామ్నాయ లోకాల్లో అయితే అసలు మోయనక్కర్లేదు.

ఒక్క విషయంలో మీకు అనుకూలంగా నేనే ఒక ఆధారం ఇస్తాను. మరో కాలరేఖ నుంచి వచ్చిన జీన్ కూతురు రేచెల్ ఉంది కదా, ఆమె వచ్చిన భవిష్యత్తులో జీన్ చంద్రుడి మీద చనిపోలేదు, కూతుర్ని కని పెంచింది. ఆ రేచెల్ మన లోకానికి వచ్చి, తన తల్లి ఇక్కడ ఎలా చనిపోయిందో తెలుసుకుని తల్లడిల్లుతుంది. ఆ తర్వాత ఆ శక్తినే తనంత తాను స్వీకరించి ఫీనిక్స్ అనే పేరు పెట్టుకుంటుంది. ఇక్కడ ఒక లోకం ఇంకో లోకంలోని చావును చెరిపివేయలేదు, దాని ముందు నిలబడింది. అలాంటి ప్రత్యామ్నాయ లోకాలు ఎన్ని వచ్చినా నాకు అభ్యంతరం లేదు.

శ్రావణమేఘం:
రేచెల్ విషయంలో మనకు పేచీ లేదు. అయినా ఆ తల్లి బతికిన లోకం మనుషుల్ని శిబిరాల్లో పెట్టి వేటాడే లోకమైందని మరవకండి. జీన్ బతికి ఉండి, తన పనికి తాను జవాబు చెప్పి, ఆ కారణంగా లోకం తగలబడిపోని కథ కోసం నేను ఇంకా వెతుకుతూనే ఉన్నాను. 2024లో స్టెఫనీ ఫిలిప్స్ రాసిన ఫీనిక్స్ కథామాల ఆమెను ఒంటరిగా అంతరిక్షంలోకి పంపినప్పుడు అది దొరుకుతుందని ఆశపడి చదివాను. కొన్నిచోట్ల దొరికింది.

కొత్తపాఠకుడు:
నేను సినిమాలు మాత్రమే చూశాను. ఈ చర్చ చదివాక అచ్చు కథలు చదవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దలు చెప్పగలరా?

పాత_సంచిక:
అన్‌కానీ ఎక్స్-మెన్ 129 నుంచి 138 వరకు వరసగా చదవండి. 138వ సంచిక జీన్ అంత్యక్రియలతో నడుస్తుంది. అది పూర్తయ్యాక కొంతకాలం మరేదీ ముట్టుకోకండి.

శ్రావణమేఘం:
136 వరకు ఆయన చెప్పినట్టే చదవండి. అక్కడ ఆగి, 1984 నాటి విడి సంచికలో ఆమె బతికిన ముగింపు ముందు చదివి, ఆ తర్వాతే 137కు వెళ్లండి.

తర్కవాది:
ఫెంటాస్టిక్ ఫోర్ 286 కూడా చదవండి.